క్యూబాలో లేని పిట్ట

కోదాడ కాలేజీ లైబ్రరీ నుంచి మూడో పోస్టుకార్డు వచ్చేదాకా లక్ష్మీనర్సయ్య ఆ పుస్తకాలను ముట్టుకోలేదు. కార్డులు ఆయన భార్య జానమ్మ పేరు మీదే వచ్చాయి. తీసుకున్న మూడు పుస్తకాల గడువు దాటి అయిదు నెలలైందనీ, వెంటనే వాపసు చేయాలనీ వాటిలో ఉంది. జానమ్మ పోయి మూడు నెలలైందన్న సంగతి లైబ్రరీకి తెలియదు. తెలియజేయవలసినవాడు ఆయనే. రెండుసార్లు కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పాతికేళ్లుగా పిల్లలకు వ్యాసాలు రాయడం నేర్పిన తెలుగు పండితుడికి మొదటి వాక్యం దొరకలేదు. చివరికి 1991 ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున త్రిపురారం బడికి సెలవు చీటీ పంపి, మూడు పుస్తకాలూ గుడ్డసంచిలో వేసుకుని, మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కాడు.

జానమ్మ ఆ పుస్తకాలు తెచ్చుకున్నది పిట్టల కోసం. ఆమె ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. జిల్లాలోని కొందరు సైన్సు టీచర్లు కలిసి బడి లైబ్రరీలకు పనికొచ్చేలా ప్రపంచంలోని నూరు పిట్టల గురించి ఒక పుస్తకం వేద్దామనుకున్నారు. పేజీకి ఒక పిట్ట. పైన బొమ్మ, కింద ఇరవై ఆరు పంక్తులు. పంక్తి పెరగకూడదు, తగ్గకూడదు. పంపకాల్లో జానమ్మకు పన్నెండు పిట్టలు వచ్చాయి, అన్నీ దక్షిణ అమెరికా వైపువి. మన చెట్ల మీది పిట్టలన్నీ పెద్ద సార్లే ఎత్తుకుపోయారని, తనకు సముద్రం అవతలివి మిగిల్చారని ఆమె నవ్వుతూ చెప్పింది.

ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. ఫుల్‌స్కేప్ కాగితాన్ని నిలువుగా మధ్యకు మడిచేవారు. ఎడమ సగంలో జానమ్మ పెన్సిల్‌తో సంగతులు రాసేది: పిట్ట పొడవు, బరువు, రంగు, తిండి, గూడు, గుడ్లు, ఎక్కడెక్కడ ఉంటుంది, ఎన్ని ఉపజాతులు. కుడి సగంలో లక్ష్మీనర్సయ్య సిరాతో వాక్యాలు రాసేవాడు. ఆమె సంగతిని ఆయన అడగకుండా కొట్టేయకూడదు. ఆయన వాక్యాన్ని ఆమె ముట్టుకోకూడదు. పదకొండు పిట్టలు ఆ ఒప్పందం మీదే అయ్యాయి. పోట్లాటలు లేకపోలేదు. పిట్టకు తెలుగు పేరు పెడదామని ఆయన, దాని పేరు దానికి ఉండగా మనం పెట్టేదేమిటని ఆమె. ప్రతిసారీ ఆమే గెలిచింది.

పన్నెండోది బననాక్విట్. మన తేనెపిట్టంత ఉంటుంది. వీపు నలుపు, పొట్ట పసుపు, కంటి మీద తెల్లని గీత. పూవు పక్కన చిల్లి పొడిచి తేనె తాగుతుంది. దీవుల్లో కొన్నిచోట్ల జనం చక్కెర గిన్నె బయట పెడితే వచ్చి గిన్నె అంచు మీదే వాలుతుంది. మెక్సికో దక్షిణం నుంచి అర్జెంటీనా ఉత్తరం దాకా, సముద్రంలోని దీవుల మీదా ఉంటుంది. ఉపజాతులు నలభై ఒకటి.

ఆ లెక్క చూసి లక్ష్మీనర్సయ్య ఒప్పుకోలేదు. బహామా దీవుల్లో దాని గొంతు తెల్లగా ఉంటుందట. మిగతా చాలాచోట్ల బూడిద రంగు. గ్రెనడాలో, సెయింట్ విన్సెంట్‌లో ఎక్కువ పిట్టలు ఒళ్లంతా నల్లగానే ఉంటాయట. ఇన్ని తేడాలుంటే ఒకటే పిట్ట ఎట్లా అవుతుందని అడిగాడు.

"సార్, మిర్యాలగూడల బస్సెక్కితే ‘ఉంటది’ అంటరు. కోదాడల దిగితే ‘ఉంటుంది’ అంటరు. నడుమ ఏ ఊర్ల మారిందో చెప్తరా?" అంది జానమ్మ. పెళ్లికి ముందు ఇద్దరూ మాడుగులపల్లిలో ఒకే బళ్లో పనిచేశారు. ఆయన ఆమెకు సార్‌గా, ఆమె ఆయనకు టీచర్‌గా అలాగే ఉండిపోయారు.

"చెప్పలేను టీచర్."

"మాట మారింది గానీ భాష మారలే గద. గీ పిట్ట గూడ గంతే."

ఆ తర్వాత పదిరోజులకే ఆమె దవాఖానలో చేరింది. రెండు కిడ్నీలూ చెడిపోయాయన్నారు. బననాక్విట్ ఎడమ సగం ఆమె దవాఖాన మంచం మీదే పూర్తిచేసింది. పెన్సిల్ గీతలు వంకరపోయాయి. చివర ఇలా రాసింది: "క్యూబాలో లేదు. పేరు చెప్పి రాయాలి. పటంలో అదే పెద్ద దీవి, పిల్లలు అడుగుతారు."

లక్ష్మీనర్సయ్య బడి అట్లాసు తెరిచి చూశాడు. క్యూబాకు ఉత్తరాన బహామాలు. అక్కడ పిట్ట ఉంది. దక్షిణాన జమైకా. అక్కడా ఉంది. తూర్పున హైతీ ఉన్న దీవి. అక్కడా ఉంది. మధ్యలో అన్నిటికంటే పొడుగ్గా పడుకున్న క్యూబాలో మాత్రం లేదంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. రక్తంలో విషం పెరిగినప్పుడు మనిషి మాట తప్పుతుందని డాక్టరు అంతకు రెండురోజుల ముందే చెప్పి ఉన్నాడు. ఆ పొద్దునే జానమ్మ స్టాఫ్‌రూములోకి మేకను ఎవరు తోలారని అడిగింది. క్యూబా కూడా ఆ మేకలాంటిదే అనుకున్నాడు. దవాఖాన వరండాలో బెంచీ మీద కూర్చుని కుడి సగం రాశాడు. కరీబియన్ దీవులన్నిటిలోనూ ఈ పిట్ట కనిపిస్తుందని రాశాడు. పదకొండు పిట్టల్లో చేయని పని పన్నెండో పిట్టకు చేశాడు.

మర్నాడు సాయంత్రం ఆమె తెలివిలోకి వచ్చింది. నీళ్లు అడిగింది. తర్వాత పిట్ట సంగతి అడిగింది.

"క్యూబా సంగతి రాసిండ్రా సార్?"

"రాసిన."

"ఎట్ల రాసిండ్రు? చదువుండ్రి."

"కాగితం ఇంట్ల ఉన్నది టీచర్." కాగితం ఆయన చొక్కా జేబులోనే ఉంది.

"మంచిది" అని ఆమె కళ్లు మూసుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులు బతికింది గాని, పిట్ట మాట మళ్లీ ఎత్తలేదు.

కాగితం అచ్చుకు వెళ్లింది. ప్రూఫు వచ్చింది. లక్ష్మీనర్సయ్య అక్షరదోషాలు దిద్ది, అడుగున సంతకం పెట్టి పంపేశాడు.

కోదాడ లైబ్రరీలో పాపయ్య అనే పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని పుస్తకాలు అందుకున్నాడు. మేడంగారు రాలేదేమని అడిగాడు. జనవరిలో చనిపోయిందని లక్ష్మీనర్సయ్య చెప్పాడు. కార్డు మీద రాయలేకపోయిన వాక్యం రెండు మాటల్లో అయిపోయింది. పాపయ్య కళ్లజోడు కిందికి దించుకుని మొదటి పుస్తకం తెరిచి, ఒక్కొక్క పేజీ తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. తిరిగొచ్చిన పుస్తకం ప్రతి పేజీ చూసి గాని బీరువాలో పెట్టను. ముప్ఫై ఏళ్ల అలవాటు."

లక్ష్మీనర్సయ్య ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. మొదటి పుస్తకం అయింది. రెండోది అయింది. మూడోది దక్షిణ అమెరికా, వెస్టిండీస్ పిట్టల లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. సగానికి పైగా తిప్పాక పాపయ్య చెయ్యి ఆగింది.

"మేడంగారు పెన్సిల్ పెట్టేవారు కాదండీ. ఏడేళ్లుగా పుస్తకాలు తీసుకెళ్లారు, ఒక్క గీత చూడలేదు నేను." పుస్తకాన్ని ఇటు తిప్పి, బల్ల సొరుగులోంచి రబ్బరు తీసి పక్కన పెట్టాడు. "ఇదొక్కటి చెరిపేసి ఇవ్వండి. నా చేత్తో చెరపడం బాగుండదు."

ఒక వాక్యం కింద సన్నని గీత ఉంది. బననాక్విట్ వెస్టిండీస్ అంతటా మామూలుగా కనిపించే పిట్ట అనీ, క్యూబాలో మాత్రం స్థిరంగా ఉండదనీ, ఎప్పుడైనా దారితప్పి వచ్చిన ఒకటీ అరా తప్ప అక్కడ కనిపించదనీ ఆ వాక్యం. పక్క పేజీలో చిన్న పటం. పిట్ట ఉండే చోట్లన్నీ చుక్కలతో నింపారు. క్యూబా తెల్లగా ఉంది.

లక్ష్మీనర్సయ్య ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. తర్వాత రబ్బరు తీసుకుని గీతను ఆ చివర నుంచి ఈ చివరకు చెరిపాడు. పొట్టును అరచేత్తో ఊడ్చి తన జేబులో వేసుకున్నాడు. పాపయ్య చూశాడు. గడువు దాటినందుకు జుర్మానా కట్టించుకోనన్నాడు. రసీదు రాసిచ్చి గుమ్మం దాకా వచ్చాడు.

పిట్టల పుస్తకం అచ్చువేస్తున్న సూర్యాపేట ప్రెస్సు మల్సూర్ నుంచి మొన్న బుధవారమే ఉత్తరం వచ్చి ఉంది. ఆఖరి ఎనిమిది పేజీల ఫారం శనివారం మెషీన్ ఎక్కిస్తున్నామని అందులో ఉంది. బననాక్విట్ తొంభై ఏడో పిట్ట. ఆ ఎనిమిది పేజీల్లోనే ఉంది. ఈరోజే శనివారం. ప్రెస్సులో ఫోను లేదు.

విజయవాడ వైపు నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ బస్సులో సీటు దొరకలేదు. మునగాల దాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఎవరో లేచి సీటు ఇచ్చినా నిలబడే ఉన్నాడు. పుస్తకంలో తప్పు అచ్చవుతుందన్నది ఒక సంగతి. ఊళ్లో ఎవరూ దాన్ని పట్టుకోలేరు. జిల్లా మొత్తం మీద ఆ పిట్టను చూసినవాడు లేడు. కాని ‘రాసిన’ అని తాను చెప్పాడు, ‘మంచిది’ అని ఆమె అంది. ఆ రెండు మాటల మధ్య ఉన్న అబద్ధాన్ని ఆమెకు ఇక చెప్పుకోలేడు. ఇప్పుడు చేయగలిగింది దాన్ని నిజం చేయడం ఒకటే. అదీ మెషీన్ తిరగకముందే.

ప్రెస్సు గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపల చీకటిగా ఉంది. కరెంటు లేదు. మల్సూర్ బనీనుతో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు. మెషీన్ మీద ఎనిమిది పేజీల సీసపు అక్షరాలూ ఒకే ఫారంగా బిగించి ఉన్నాయి. కాగితం కట్టలు పక్కన పేర్చి ఉన్నాయి.

"రాండ్రి పంతులుగారూ, మంచి టైముకొచ్చిండ్రు. కరెంటు పన్నెండింటికి పోయింది. లేకుంటె ఈపాటికి సగం ఖతమైతుండె" అన్నాడు మల్సూర్.

తొంభై ఏడో పేజీలో ఒక తప్పుందని, దిద్దాలని లక్ష్మీనర్సయ్య చెప్పాడు. మల్సూర్ విసురుకోవడం ఆపాడు. మేకుకు గుచ్చిన ప్రూఫు కాగితాల్లోంచి ఒకటి లాగి చూపించాడు.

"గిది మీ సంతకమే గద?"

"నాదే. తప్పు గూడ నాదే. టీచర్ సరిగ్గనే రాసింది."

మల్సూర్ ప్రూఫు వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశాడు. జానమ్మ చావుకు మిర్యాలగూడ దాకా వచ్చిన మనిషి. సోమవారానికి పెళ్లికార్డులున్నాయని, ఈ ఫారం ఈ పూట దిగకపోతే తన గతి కుక్కలు చింపిన విస్తరి అవుతుందని సణిగాడు. నాలుగింటికి కరెంటు అంటున్నారు. వచ్చే లోపల ఏం చేసుకుంటారో చేసుకోమన్నాడు. వచ్చిందంటే మాత్రం మెషీన్ ఆగదు. తర్వాత లోపలికి తిరిగి భద్రును పిలిచాడు.

భద్రు ఆ ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరు. పెద్దవూర వైపు తండా నుంచి పదేళ్ల కిందట వచ్చి, అక్షరాల గళ్ల ముందు నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. ఆ నూరు పిట్టల్లో తొంభై తన చేతి మీదుగా పోయినవే. బిగించిన ఫారం చీలలు వదులు చేసి, తొంభై ఏడో పేజీని కిటికీ దగ్గర బల్ల మీదికి జరిపాడు. సీసపు అక్షరాలు తిరగబడి ఉన్నాయి. భద్రుకు తిన్నగా చదివినంత సులువు.

"ఏ లైను సార్?"

"‘కరీబియన్ దీవులన్నిటిలోనూ’ అని ఉంటది."

"ఉన్నది. పదిహేడో లైను. ఏమున్నది దీంట్ల తప్పు?"

క్యూబాలో ఆ పిట్ట లేదని లక్ష్మీనర్సయ్య చెప్పాడు. భద్రు నవ్వాడు.

"అన్ని దీవులకు పోయి గా పెద్దదాన్కే పోలేదా? ఏమైందట? తగవు పడ్డదా?"

"పుస్తకంల కారణం రాయలే."

"మీరే ఏదన్న ఒకటి రాయుండ్రి సార్. రాసేటోళ్లే గద."

"నేను రాయ" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

భద్రు అక్షరాలు ఎత్తే చిమటాతో పదిహేడో పంక్తి మీద తట్టాడు. సులువైన దారి చెప్పాడు. ‘అన్నిటిలోనూ’ తీసేసి ‘చాలావాటిలో’ పెడితే చాలు. పంక్తి పెరగదు, రెండు నిమిషాల పని, అబద్ధం కూడా కాదు.

లక్ష్మీనర్సయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. భద్రు చెప్పింది నిజమే. చాలావాటిలో అంటే తప్పు పోతుంది. ఏ పండితుడూ వేలు పెట్టలేడు. మల్సూర్ కూడా తలూపాడు. లక్ష్మీనర్సయ్య జేబులోంచి పెన్ను తీసి, ప్రూఫు మీద ‘అన్నిటిలోనూ’ కొట్టేసి ‘చాలావాటిలో’ అని రాశాడు. రాసి అక్షరాల వంక చూస్తూ ఉండిపోయాడు. ఒక పిల్ల ఈ పేజీ చదివి, అట్లాసు తెరిచి, పెద్ద దీవి మీద వేలు పెట్టి ఇక్కడ ఉందా అని అడిగితే పుస్తకం దగ్గర జవాబు ఉండదు. జానమ్మ అడిగింది తప్పు తీసేయమని కాదు. పేరు చెప్పి రాయమని.

ఇది కాదన్నాడు. రాసింది కొట్టేసి పక్కన మళ్లీ రాశాడు. ‘చుట్టూ ఉన్న దీవుల్లో ఉన్నా, క్యూబాలో మాత్రం ఇది కాపురం ఉండదు’ అని రాశాడు. కాపురం అన్న మాట కొట్టేశాడు. దారితప్పి వచ్చినవి ఎప్పుడైనా కనిపిస్తాయన్నది కలిపాడు. భద్రు పెదవులు కదిలిస్తూ చదివి, వేళ్ల మీద కొలిచాడు.

"రెండు లైన్లు పెరుగుతయ్ సార్. పేజీల జాగ లేదు. రెండు లైన్లు తీయాలె."

ఏది తీయాలి? లక్ష్మీనర్సయ్య ప్రూఫును మొదటి నుంచి చదివాడు. పొడవు, బరువు. కంటి మీది గీత. గుండ్రటి గూడు, దానికి పక్క నుంచి వాకిలి. పడుకోవడానికి వేరే గూడు కట్టుకోవడం. గుడ్లు. నలభై ఒక్క ఉపజాతులు, తెల్ల గొంతువి, నల్లవి. ఏ పంక్తి చూసినా ఆమెదే. గుడ్ల సంగతి తీసేస్తే పోయేదేముందని మల్సూర్ అన్నాడు. లక్ష్మీనర్సయ్య వినిపించుకోలేదు. చివరి రెండు పంక్తుల దగ్గరికి వచ్చి ఆగాడు. అక్కడున్నది ఒకటే వాక్యం. ‘చక్కెర గిన్నె అంచు మీద వాలి తల పక్కకు వంచే ఈ పిట్టను చూస్తే, ఏదో అడుగుదామని వచ్చి అడగకుండా నిలబడిన ఇంటి మనిషిలా ఉంటుంది.’

ఆ పోలికకు జానమ్మ రాసిన ఎడమ సగంలో ఆధారం లేదు. అది ఆయన దవాఖాన వరండాలో, బెంచీ మీద కూర్చుని రాసుకున్నది. జానమ్మ దాన్ని చదవలేదు.

"ఇది తీసెయ్యి భద్రూ."

భద్రు చిమటా కదపలేదు.

"వద్దు సార్. మిగతాయన్నీ పుస్తకంలకెల్లి వచ్చినయే. గిదొక్కటే మనిషి చెప్పినట్టున్నది. నాకు నోటికొచ్చింది, ఇంటికాడ మా సీతకు గూడ చెప్పిన. ఆమె నవ్వింది."

"నీకు నోటికున్నది గద. ఇగ చాలు. తీసెయ్యి."

భద్రు మల్సూర్ వంక చూశాడు. మల్సూర్ కాగితం కట్టల వంక చూశాడు. భద్రు ఆ రెండు పంక్తులనూ చెదరకుండా ఎత్తి, దారం కట్టి పక్క పళ్లెంలో పెట్టాడు. ఎడమచేతిలో పంక్తి పేర్చే కడ్డీ పట్టుకుని గళ్లలోంచి కొత్త అక్షరాలు ఏరడం మొదలుపెట్టాడు. చెయ్యి చూడకుండానే గడిలోకి పోతోంది. పదిహేడో పంక్తిని మార్చి పేర్చాడు. కొత్తగా చేరే రెండింటిలో మొదటి పంక్తి అయింది. రెండోది సగంలో ఉండగా పైన ఫ్యాను తిరిగింది. ఎదురు హోటల్లో రేడియో మోగింది.

మల్సూర్ లేచి మెషీన్ దగ్గరికి పోయి స్విచ్చి మీద చెయ్యి వేశాడు. వేసినవాడు నొక్కలేదు.

"కానీయ్ రా భద్రూ. గీ పిట్టకు గిన్నెల చక్కెర పోసి నేనే పిలిచిన అనుకుంట" అన్నాడు.

రెండో పంక్తి చివర కొంచెం ఖాళీ మిగిలింది. భద్రు అక్షరాలు లేని సీసపు ముక్కలు దూర్చి బిగించాడు. పేజీ మీద సిరా రోలరు తిప్పి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో అద్ది లేపాడు. లక్ష్మీనర్సయ్య ప్రూఫును కిటికీ వెలుగుకు పట్టుకుని పై పంక్తి నుంచి కింది పంక్తి దాకా చదివాడు. ఇరవై ఆరు. క్యూబాలో మాత్రం ఇది ఉండదు. ఆ పంక్తిని ఇంకోసారి, పెదవులు కదిలేలా చదివాడు. తేదీ వేసి సంతకం చేశాడు.

పేజీ ఫారంలోకి వెళ్లింది. చీలలు బిగిశాయి. మెషీన్ తిరిగింది. చప్పుడుకు ఇక ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. మల్సూర్ చెయ్యూపి టీ తాగి పొమ్మన్నాడు. మిర్యాలగూడ బస్సుకు ఇంకా టైముంది. అయినా లక్ష్మీనర్సయ్య టీకి పోలేదు, భద్రు పక్కన నిలబడ్డాడు.

భద్రు పళ్లెంలోని రెండు పంక్తుల కట్టు విప్పాడు. అక్షరాలను గుప్పెట్లో పట్టుకుని, ఒక్కొక్కదాన్నీ దాని గడిలో వేయడం మొదలుపెట్టాడు. ‘చ’ దాని గడిలోకి పోయింది. ‘గి’ దాని గడిలోకి పోయింది. తొందరేమీ పడలేదు. ఏ మాటలోని అక్షరం ఎటు పోతున్నదో లక్ష్మీనర్సయ్య కొంతసేపు పోల్చుకోగలిగాడు. తర్వాత పోల్చుకోలేకపోయాడు. ఆఖరి అక్షరం పడేదాకా ఉండి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, బస్టాండు వైపు నడిచాడు.